మొదటి పేజీలు లేని పుస్తకం

ప్రోగ్రామ్ మేనేజ్‌మెంట్ పరీక్షకి ఏం చదవాలని ఇప్పటికీ ఎవరో ఒకరు నన్ను అడుగుతూనే ఉంటారు. ఫోన్ చేసి అడిగేవాళ్లు, పెళ్లి భోజనాల్లో పక్కన కూర్చుని అడిగేవాళ్లు, లిఫ్టులో ఆపి అడిగేవాళ్లు. నేను మొదలుపెడితే ఆపను. ఏ పుస్తకం, ఎన్నో ఎడిషన్, ఆ ఎడిషన్ ఎప్పటిదాకా చెల్లుతుంది, ప్రశ్నల పుస్తకాల్లో ఏది పనికొస్తుంది, ఏది చెత్త, అన్నీ కాగితం మీద రాసి మరీ ఇస్తాను. మేడమ్‌కి ఎంత ఓపికో అని వెనకాల అనుకుంటారట. ఓపికా నా మొహమా! నా ఓపిక సంగతి మా ఇంట్లో అడగండి, చెప్తారు. ఒకప్పుడు ఒక మనిషి ఇదే ప్రశ్న అడిగితే నేనిచ్చిన జవాబు గుర్తొస్తుంది. ఆ సిగ్గు కొద్దీ చెప్తుంటాను, అంతే.

అప్పట్లో మా ఆఫీసు పంజాగుట్టలో, ఒక చీరల దుకాణం పైన నాలుగో అంతస్తులో ఉండేది. మెట్రో స్తంభాలు ఇంకా లేవు. ఊరంతా సాఫ్ట్‌వేర్ పిచ్చి పట్టి ఊగుతున్న రోజులు. అమీర్‌పేట చౌరస్తా నుంచి ఇంటికి నడిచి వెళ్లేలోపు నా చేతిలో నాలుగు కోర్సుల కరపత్రాలు పెట్టేవాళ్లు. మేం గుంటూరు వాళ్లం. మా ఆయనకి బ్యాంకు ఉద్యోగం, నాకు ఈ ఉద్యోగం, బల్కంపేట గుడి వైపు ఒక ఫ్లాట్. ముప్పై ఎనిమిదేళ్లకే ప్రాజెక్ట్ మేనేజర్‌ని అయ్యానన్న పొగరు నా నడకలోనే తెలిసిపోయేదని మా ఆయన అనేవాడు. అబద్ధం కాదు.

ఆఫీసులో నా పక్క సీటు ఇంకో ప్రాజెక్ట్ మేనేజర్‌ది. చిన్నా పెద్దా అందరూ భాయ్ అనే పిలిచేవారు, నేనూ అంతే. నాకన్నా తొమ్మిదేళ్లు పెద్ద. బోరబండలో తాపీ మేస్త్రీ కొడుకుగా పెరిగి, అమీర్‌పేటలో జెరాక్స్ నోట్సులు చదివి కంప్యూటర్లు నేర్చుకుని, మేనేజర్ దాకా వచ్చిన మనిషి. ఇంట్లో దక్కనీ, మాతో తెలుగు. ఆయనకి కోపం రావడం నేను చూడలేదు. నేను టీమ్ మీద అరిచి వచ్చి కూర్చుంటే, నీళ్ల సీసా నా వైపు జరిపి తన పని తను చేసుకునేవారు.

ఆ ఏడాది వానాకాలంలో మా బాస్ మా ఇద్దర్నీ తన గదిలోకి పిలిచారు. అమెరికాలోని ఒక బ్యాంకు పని వస్తోంది. ఎనిమిది ప్రాజెక్టులు. ఒక్కో ప్రాజెక్టుకి ఒక మేనేజర్ ఉంటాడు సరే, ఎనిమిదింటినీ కలిపి నడిపించడానికి పైన ఒక ప్రోగ్రామ్ మేనేజర్ కావాలి. ఆ మనిషి ఫలానా పరీక్ష పాసై ఉండాలని బ్యాంకు వాళ్ల షరతు. మీ ఇద్దరిలో దీపావళి లోపు ఎవరు పాసైతే వాళ్లకే ఆ పోస్టు, ఇద్దరూ పాసైతే అప్పుడు చూద్దాం, ఎవరూ పాసవకపోతే బెంగళూరు నుంచి తెప్పిస్తాను అన్నారు.

రాకపోతే ఏమవుతుందో ఆయన చెప్పలేదు, చెప్పక్కర్లేదు కూడా. నలభై అయిదు దాటి పెద్ద పోస్టు లేని మేనేజర్లని ముందు పనిలేకుండా కూర్చోబెట్టడం, తర్వాత మెల్లగా సాగనంపడం మా ఆఫీసులో అప్పటికే మొదలైంది. భాయ్‌కి అంతకుముందు రెండుసార్లు ప్రమోషన్ తప్పిపోయింది. ఇది మూడోది. నాకైతే రాకపోయినా పోయేదేం లేదు, కాస్త మూతి ముడుచుకుని ఇంకో ఏడాది ఆగేదాన్ని. ఆయనకది ఉద్యోగం నిలబడే సంగతి. ఈ తేడా నాకు ఆ రోజే తెలుసు. తెలియక చేశాను అని చెప్పుకోవడానికి వీల్లేదు.

పరీక్షకి దరఖాస్తులు పెట్టాం, ఇద్దరివీ ఆమోదం పొందాయి. ఏం చదవాలన్న దగ్గర భాయ్ నన్ను అడిగారు. ఆయనకి ఇంటర్నెట్‌లో వెతుకులాట అంటే విసుగు. నేనైతే కుక్కర్ కొనాలన్నా నలుగురి అభిప్రాయం చదివే రకం. "ఏం సదవాల్నో మీరు చెప్పుండ్రి మేడమ్. నేను కండ్లు మూస్కొని గదే సదువుత" అన్నారు. నాకు ఒళ్లంతా పొంగిపోయింది. నా తెలివిని ఒకరు నమ్మితే చాలు, నాకు అన్నం కూడా అక్కర్లేదు ఆ రోజుల్లో.

ఒక శనివారం మధ్యాహ్నం ఇద్దరం అమీర్‌పేట వెళ్లాం. ఆ సందుల్లో అంతా ఇరవై రెండేళ్ల పిల్లలు. వాళ్ల మధ్యలో నేను, చెంప దగ్గర నెరిసిన జుట్టుతో భాయ్. మా టీమ్‌లో వాళ్లెవరైనా చూస్తారేమోనని చున్నీ తలమీదికి లాక్కున్నాను. భాయ్‌కి ఆ బెంగ లేదు, సొంత ఊరికి వచ్చినట్టు నడుస్తున్నారు. తను ఏ మెట్ల మీద కూర్చుని ఏ నోట్సు చదివారో చూపిస్తున్నారు.

అమీర్‌పేట తెలియని వాళ్లకి జెరాక్స్ షాపుల సంగతి చెప్పాలి. అక్కడ క్లాసులో ముందు వరసలో కూర్చుని, సార్ చెప్పింది చెప్పినట్టు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకునే విద్యార్థి ఒకరు ఉంటారు. ఆ నోట్సు షాపుకి చేరుతుంది. రన్నింగ్ నోట్స్ అంటారు. దాన్ని వందల కాపీలు తీసి, స్పైరల్ బైండింగ్ చేసి అమ్ముతారు. అసలు పుస్తకాలకీ అదే గతి. పెద్ద పుస్తకాన్ని కూడా జెరాక్స్ తీసి వరసగా పేర్చి పెడతారు. భాయ్ తరం వాళ్లు ఇలాంటి కాపీలతోనే ఉద్యోగాలు తెచ్చుకున్నారు. ఒరిజినల్ పుస్తకం కొనడం డబ్బు తగలేయడమని వాళ్లకి గట్టి నమ్మకం.

షాపాయన నన్ను చూసి తమ్ముడి కోసమా అని అడిగాడు. ఒళ్లు మండింది గానీ ఊరుకున్నాను. ఈ పరీక్షకి మెటీరియల్ అడిగేవాళ్లే తక్కువ అంటూ లోపల్నుంచి మూడు కట్టలు తెచ్చాడు. పరీక్షకి ఆధారమైన పెద్ద పుస్తకం ఒకటి, శని ఆదివారాల బ్యాచ్ రన్నింగ్ నోట్స్ ఒకటి, ప్రశ్నల కట్ట ఒకటి. నేను బెండకాయలు విరిచి చూసినట్టు ఒక్కొక్కటీ తిరగేశాను. ప్రశ్నల కట్టలో పది ప్రశ్నలు చూస్తే నాలుగింటికి జవాబులే తప్పు. అది పక్కన పడేశాను. పుస్తకం, నోట్సు తీసుకుందామన్నాను. భాయ్ మారు మాట్లాడకుండా రెండేసి కాపీలు తీయించారు.

పెద్ద పుస్తకానికి అట్ట లేదు, ముందుమాట లేదు, ఎవరు అచ్చేశారో, ఎప్పుడు అచ్చేశారో ఉండే పేజీ లేదు. సరాసరి మొదటి అధ్యాయంతోనే మొదలైంది. అక్కడ అన్ని పుస్తకాలూ అంతే, పరీక్షలో రాని పేజీలకి కాగితం దండగ అని ముందు పేజీలు వదిలేస్తారు. నేనూ పట్టించుకోలేదు. అప్పటికి నా తప్పేం లేదు. అప్పటికి మాత్రమే.

ప్రతి శనివారం మధ్యాహ్నం ఆఫీసు అయ్యాక పంజాగుట్ట చౌరస్తా దగ్గరున్న ఇరానీ హోటల్లో, పైన ఫ్యామిలీ గదిలో కూర్చునేవాళ్లం. ఆయన చదివి గీత గీసుకొచ్చేవారు, నేను చెప్పేదాన్ని. నాకో మాయరోగం ఉంది. ఎదుటివాళ్లకి ఏదైనా అర్థం కాలేదంటే నా నోరు ఊరుకోదు. అడిగినా అడక్కపోయినా మొదలుపెట్టేస్తాను. భాయ్ చాయ్ చల్లారబెట్టుకుని మరీ వినేవారు. ఆఫీసులో అందరికీ చెప్పేవారట, ఏం చదవాలో మేడమ్‌ని అడగండి, ఎట్లా చదవాలో మేడమ్‌ని అడగండి అని.

నెల తిరిగేసరికి ఒక చిక్కు వచ్చింది. మేం పెట్టుకునే మాదిరి పరీక్షల్లో ఆయనకి నాకన్నా ఎక్కువ మార్కులు రావడం మొదలైంది. నాకు పుస్తకంలో వాక్యాలు గుర్తుండేవి. ఆయనకి పని గుర్తుండేది. ఇరవై ఏళ్లు రకరకాల మనుషుల మధ్య పని చేయించిన మనిషి, ప్రశ్న చదవగానే అక్కడ గొడవ ఎవరికీ ఎవరికీ మధ్యో ఇట్టే పట్టేసేవారు. మొదటిసారి నవ్వాను. రెండోసారి భలే భాయ్ అన్నాను. మూడోసారి ఇంటికెళ్లి వంటింట్లో గిన్నెలు ఎత్తి పడేశాను. అసూయ. వేరే పేరు పెట్టను దానికి.

అలాంటి రోజుల్లో, ఒక మంగళవారం ఆఫీసులో ఖాళీగా ఉండి, పరీక్ష పెట్టేవాళ్ల వెబ్‌సైట్ చూస్తున్నాను. కింద చిన్న అక్షరాల్లో ఒక ప్రకటన ఉంది. ఫలానా తేదీ నుంచి పరీక్ష కొత్త ఎడిషన్ ప్రకారం జరుగుతుందని. తేదీ చూశాను. అయిదు వారాలే ఉంది. కొత్త పుస్తకంలోని అధ్యాయాల పేర్లు కూడా అక్కడే ఇచ్చారు. మా జెరాక్స్ కాపీ తీసి పక్కన పెట్టుకుని పోల్చాను. మాది పాతది. కొత్తదాంట్లో ఒక అధ్యాయానికి అధ్యాయమే కొత్తగా ఉంది, మాటలు కూడా చాలా మారాయి.

నిజం చెప్తున్నాను, ఆ క్షణంలో నాకు చెడు ఆలోచన లేదు. భాయ్ క్లయింట్ కాల్‌లో ఉన్నారు, అయ్యాక చెబుదామనుకున్నాను. పైగా ఆయనకి వచ్చే నష్టం లేదు, నెలాఖరుకే పరీక్ష రాస్తానంటున్నారు. ఆ తేదీకి పాత ఎడిషనే. అలా రాసి ఉంటే హాయిగా పాసయ్యేవారు. కాల్ అయిపోయింది, ఆయన వేరే మీటింగ్‌కి వెళ్లిపోయారు. బుధవారం చెప్పలేదు. గురువారం చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే నా దగ్గర కారణం లేదు. మూడు రోజులు నోట్లో పెట్టుకుని తిరిగాను.

శుక్రవారం మధ్యాహ్నం నమాజ్‌కి వెళ్లొచ్చి ఆయనే నా దగ్గరికి వచ్చారు. కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"మేడమ్, నెలాఖరుకు రాద్దమనుకున్న గనీ, రెండు చాప్టర్లు ఇంకా పక్కాగ లేవు. రంజాన్ల దిమాగ్ పని జెయ్యదు. పండుగ అయినంక రాస్త. ఏమంటరు?"

రంజాన్ మధ్యలోనే ఎడిషన్ మారుతుంది. పండగ అయ్యాక రాస్తే ఆయన చదివినదానికి, అక్కడ అడిగేదానికి పొంతన ఉండదు. ఇదంతా నా తలలో ఒక్క క్షణంలో తిరిగింది. నా నోరు చాలా మామూలుగా, చాలా మర్యాదగా తెరుచుకుంది.

"తొందరేముంది భాయ్. పండగ అయ్యాక ప్రశాంతంగా రాయండి."

ఆయన తల ఊపి లేచారు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, మన మెటీరియల్ సాల్తది గద మేడమ్ అని అడిగారు. చాలు భాయ్, అది బట్టీ కొడితే చాలు అన్నాను. షుక్రియా అని వెళ్లిపోయారు.

ఎన్ని సాకులు చెప్పుకున్నానో. నేనేమైనా ఆయన పంతులమ్మనా? వెబ్‌సైట్ ఆయనకీ ఉందిగా, ఆయనకీ కళ్లున్నాయిగా? రేపు చెప్తానులే, ఇంకా నెలుందిగా? ఆడదాన్ని, ఇక్కడిదాకా రావడానికి నేను పడ్డ పాట్లు ఆయన పడ్డాడా? ఈ చివరిది నాకు బాగా నచ్చింది, చాలా రోజులు వాడుకున్నాను. ఇప్పుడు అది తల్చుకుంటే అన్నిటికన్నా ఎక్కువ సిగ్గేస్తుంది. పడ్డ పాట్లు నిజమే, వాటిని తీసుకొచ్చి ఈ వెధవ పనికి అడ్డం పెట్టుకున్నాను.

మర్నాడే బంజారా హిల్స్‌లోని పుస్తకాల షాపుకి వెళ్లి కొత్త ఎడిషన్‌కి ఆర్డర్ ఇచ్చాను. పది రోజులకి వచ్చింది. ఇంటికి తెచ్చి, బడిపిల్లలా ఖాకీ అట్ట వేశాను. ఎందుకా అట్ట అని మా ఆయన అడిగాడు. నలుగుతుందని అన్నాను. పుస్తకం నలగకుండా వేసింది కాదని ఆయనకీ అర్థమై ఉంటుంది, ఇంకేం అడగలేదు. రోజూ పొద్దున్నే లేచి చదివేదాన్ని. కొత్త అధ్యాయం ఎన్నిసార్లు చదివానో, ఏ పేజీలో ఏ బొమ్మ ఉందో కళ్లు మూసుకుని చెప్పగలిగేదాన్ని.

రంజాన్ వచ్చింది. పగలు ఇరానీ హోటల్‌కి పరదాలు కట్టేశారు, మా చదువు ఆఫీసు మీటింగ్ గదికి మారింది. ఆయన ఉపవాసంతో, ఎండిన పెదాలతో పాత పుస్తకం పైకి చదివేవారు. నేను ఎదురుగా కూర్చుని పాత పుస్తకానికి అర్థాలు చెప్పేదాన్ని, శ్రద్ధగా, ఉదాహరణలతో సహా. పనికిరాదని తెలిసిన పుస్తకాన్ని అంత బాగా చెప్పగలిగానంటే నేను ఎలాంటి మనిషినో నాకే భయమేస్తుంది. ఒక శనివారం చదువుతుండగానే ఇఫ్తార్ వేళయింది. ఆయన డబ్బా తీసి, తను నోట్లో పెట్టుకోబోయే ముందు ఒక ఖర్జూరం నా చేతిలో పెట్టారు. అప్పుడు నోటిదాకా వచ్చింది. భాయ్, ఒక మాట, అన్నాను కూడా. చెప్పుండ్రి మేడమ్ అన్నారు. పరీక్షకి గుర్తింపు కార్డు మర్చిపోకండి అన్నాను.

పండగ అయిన వారానికి ఆయన పరీక్ష రాశారు. కంప్యూటర్ మీద రాసే పరీక్ష, ఫలితం అక్కడికక్కడే వస్తుంది. నాకు ఫోన్ చేశారు, వెనకాల బస్సుల మోత వినిపిస్తోంది. ఫెయిలయ్యాను అన్నారు. మనం చదవని మాటలే అడిగారు, సగం ప్రశ్నలు ఏం అడుగుతున్నాయో కూడా తెలియలేదు అన్నారు. అయ్యో భాయ్ అన్నాను. పేపర్ టఫ్‌గా ఇచ్చుంటారు, దిగులుపడకండి అన్నాను. ఆ గొంతు నాదేనా అనిపించింది. ఫోన్ పెట్టేశాక బాత్రూమ్‌లోకి వెళ్లి ముఖం కడుక్కున్నాను, అద్దంలోకి మాత్రం చూడలేదు.

ఆ ఆదివారం పొద్దున, నేను బట్టలు ఆరేస్తుంటే, మా ఆయన వచ్చి మీ భాయ్ వచ్చారు అన్నాడు. తెలిసిపోయిందనుకున్నాను. నా పుస్తకం మంచం మీదే ఉంది. దుప్పటి కింద దోపి హాల్లోకి వచ్చాను. భాయ్ సోఫా అంచున కూర్చుని ఉన్నారు, చేతిలో ఒక ప్లాస్టిక్ కవర్. రెండు మూడు రోజులుగా సరిగా నిద్ర లేనట్టు కళ్లు లోపలికి పోయాయి.

"మేడమ్, జెరాక్స్ దుకాణపాయన మనిద్దర్ని ఆగం జేసిండు. గది పాత ఎడిషన్ అంట. రంజాన్ల నుంచే కొత్తది నడుస్తున్నదంట."

మనిద్దర్ని. నేను అవునా అన్నాను. ఆయన కవర్లోంచి పుస్తకం తీశారు. కొత్త ఎడిషన్. బంజారా హిల్స్ షాపులో దొరికిందట. ఎవరో ఆర్డర్ ఇస్తే రెండు తెప్పించారట, ఇదొక్కటే మిగిలిందట. అదృష్టం కొద్దీ దొరికింది అంటున్నారు. ఆ ఎవరో నేనే.

నా పరీక్షకి ఇంకా పన్నెండు రోజులుంది. ఆయన చెప్పింది ఇదీ. తనకిక దీపావళి లోపు మళ్లీ రాసే వీలు లేదు. పోస్టు ఎలాగూ తనకి రాదు. కనీసం నాకైనా రావాలి, బెంగళూరు నుంచి ఎవరో వచ్చి మన నెత్తిన కూర్చోవడమెందుకు. "నాకు జల్దీ లేదు మేడమ్. ముందు మీరు సదువుండ్రి, అయినంక నాకు ఇయ్యుండ్రి" అని పుస్తకం టీపాయ్ మీద పెట్టారు. తనని ముంచిన మనిషి మునిగిపోకుండా చూడటానికి బస్సు మారి వచ్చారు ఆ ఆదివారం.

ఆ నిమిషం చెప్పేయాల్సింది. కాళ్లమీద పడాల్సింది. నేను టీ పెడతానని వంటింట్లోకి పారిపోయాను.

టీ తెచ్చేసరికి ఆయన కొత్త అధ్యాయం తెరిచి ఉంచారు. రెండుసార్లు చదివినా సమజ్ కాలేదు, జర చూడండి అన్నారు. ప్రోగ్రామ్ వల్ల వచ్చే లాభం గురించిన అధ్యాయం అది. నా మాయరోగం సంగతి చెప్పానుగా. అర్థం కాలేదన్న మాట చెవిన పడగానే నా నోరు లేచింది. ఏముంది భాయ్, వీధిలో మంచినీళ్ల పైపులు వేశారనుకోండి, పైపు వేయడం ప్రాజెక్టు. కుళాయి తిప్పితే నీళ్లు రావడం లాభం. పైపు వేసినవాడు వెళ్లిపోయాక కూడా నీళ్లు ఆగకుండా వస్తాయో లేదో చూసుకోవాలి, అది ఎవరికి అప్పజెప్పి వెళ్లాలో ముందే రాసుకోవాలి, ఆ అప్పగింత మూడు మెట్లుగా జరుగుతుంది అని ఊపులో చెప్పుకుపోతున్నాను. ఆయన తల ఊపుతున్నారు. ఆ మూడు మెట్ల బొమ్మ ఇక్కడ కాదు భాయ్, వెనకాల ఉంటుంది అంటూ పుస్తకం నా వైపు తిప్పుకున్నాను. పేజీలు వెతకలేదు. బొటనవేలితో ఒక దగ్గర పట్టుకుని విప్పాను. సరిగ్గా ఆ బొమ్మ.

వేలు బొమ్మ మీద పెట్టాక నాకు తెలిసింది నేనేం చేశానో.

ఆయన బొమ్మ వంక చూశారు. తర్వాత నా వేలి వంక చూశారు. నా ముఖం వంక చూడలేదు. అది ఆయన మంచితనమో, చూడబుద్ధి కాలేదో నాకు ఇప్పటికీ తెలియదు. హాల్లో ఫ్యాన్ తిరుగుతోంది, లోపల మా ఆయన పేపర్ మడత పెడుతున్నాడు. అబద్ధం ఒకటి అల్లుదామన్నా నోట్లోంచి ఒక్క ముక్క రాలేదు. వాగే నోరు సరిగ్గా అప్పుడే పడిపోయింది.

ఆయన టీ తాగడం మానలేదు. నిదానంగా, కప్పు అడుగు కనిపించేదాకా తాగారు. కప్పు సాసర్లో పెట్టారు.

"మంచిగ సమజైంది మేడమ్. మీరు పాసైతరు" అన్నారు.

లేచి, టీపాయ్ మీదున్న పుస్తకం తీసి కవర్లో పెట్టుకున్నారు. మా ఆయన బయటికొచ్చి అదేంటండీ అప్పుడే వెళ్తారా, టిఫిన్ చేసి వెళ్లండి అన్నాడు. పని ఉందని చెప్పి, చెప్పులు వేసుకుని, మెట్లు దిగి వెళ్లిపోయారు. పుస్తకం తీసుకెళ్లిపోయారేంటి, నీకిస్తానన్నారుగా అని మా ఆయన అడిగాడు. నేను దుప్పటి కింద నుంచి నా పుస్తకం తీసి ఆయన ముందు పడేశాను. మా ఆయన దాన్ని చూశాడు, ఖాకీ అట్టని చూశాడు, ఛీ అని ఒక్క మాట అన్నాడు. ఆ పూట నాతో మాట్లాడలేదు.

అయినా పరీక్ష మానేశానా? లేదు. పన్నెండు రోజులూ కూర్చుని చదివి, వెళ్లి రాసి, పాసయ్యాను. నిజంగా సిగ్గున్న మనిషైతే మానేసేదేమో.

దీపావళికి రెండు రోజుల ముందు బాస్ మళ్లీ మా ఇద్దర్నీ పిలిచారు. పోయినసారి కూర్చున్న కుర్చీల్లోనే కూర్చున్నాం. బ్యాంకు పని నాదని చెప్పారు, అభినందించారు. తర్వాత భాయ్ వైపు తిరిగారు. అప్పుడు మొదలైంది అసలు సంగతి. పైవాళ్లు భాయ్ గురించి అడుగుతున్నారట. ఉంచుకోవాలా వద్దా అని తేల్చి రాయాలట. ఏ కారణం రాయను, ఏదైనా గట్టి కారణం ఉంటే చెప్పండి, ఇంకో అవకాశం ఇమ్మని రాస్తాను అన్నారు బాస్. మనిషి చెడ్డవాడు కాదు, నిజంగానే అడిగారు.

భాయ్ చొక్కా జేబులో పెన్ను సర్దుకున్నారు. బాస్ నా వైపు చూశారు.

"ఏంటమ్మా, ఇద్దరూ కలిసే చదివారుగా? ఇద్దరిదీ ఒకటే మెటీరియలేగా?"

ఒక్క మాట చాలు. కాదు సార్, నా దగ్గర వేరే పుస్తకం ఉంది, ఆయనకి తెలియనివ్వలేదు అంటే చాలు. నా పోస్టు పోయినా పోకపోయినా, ఆయన ఉద్యోగానికి ఒక కారణం దొరికేది. బాస్ పెన్ను పట్టుకుని ఎదురుచూస్తున్నారు. కిటికీ అవతల చౌరస్తాలో ఎవరో హారన్ కొడుతూనే ఉన్నారు. నేను ఒళ్లో ఉన్న చేతులు చూసుకున్నాను.

"ఒకటే సార్" అన్నాను.

బాస్ భాయ్ వైపు చూశారు. ఆయన నా వైపు తిరగలేదు.

"అవ్ సార్, ఒకటే" అన్నారు. "నేనే సరిగ సదవలే."

బాస్ అది కాగితం మీద రాసుకున్నారు.